ఆదివారం మన కుక్కల పండగ

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు, దత్తత తీసుకున్న మన కుక్కలన్నిటితో పార్కులో కలుద్దాం.

మొదటి చప్పట్లు మన వాచ్‌మన్ అన్నకే. కాలు నుజ్జయి డ్రైనేజీ పక్కన పడున్న నల్ల కుక్కని గోనెసంచిలో పడుకోబెట్టి, ఆటో అతన్ని బతిమాలి ఆసుపత్రికి చేర్చింది ఆయనే. ఇప్పుడది మూడు కాళ్ల మీదే చకచకా మెట్లెక్కేస్తోంది. పెరుగన్నం గిన్నె చప్పుడైతే చాలు, అందరికంటే ముందు హాజరు!

హైదరాబాద్‌లో నటి అమల గారు 1992లో మూగజీవాల్ని కాపాడే బ్లూ క్రాస్ సంస్థ మొదలుపెట్టారు. అలాంటి సంస్థలు ఉండబట్టే మనకు ధైర్యం. కానీ అర్ధరాత్రి లేచి పరిగెత్తేది, పక్కింటివాళ్లతో చీవాట్లు తినేది మన వాచ్‌మన్ అన్న లాంటి మనుషులే.

ఇంకోటి. వీధి కుక్క చెవి చివర చిన్న కోత కనిపిస్తే అది గాయం కాదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టు గుర్తు. టెన్షన్ పడకండి. అప్పుడే రేబిస్ టీకా కూడా వేస్తారు, అయితే అది మళ్లీ మళ్లీ వేయించాలి. మీ కుక్క టీకా కార్డు తెండి, చూసుకుందాం.

మెడకు బెల్టు, చేతిలో తాడు తప్పనిసరి. టపాసులు అస్సలు వద్దు. నీళ్ల గిన్నెలు ఎవరు తెస్తున్నారో ఇక్కడే చెప్పండి.