భద్రత కోసమైతే రోజూ ఎందుకు మండాలి?

సంపాదకులకు నమస్కారం.

మా పారిశ్రామికవాడ ఫ్లేర్ మంట (ప్లాంటులో వదిలేసిన గ్యాస్‌ని ఎత్తైన గొట్టం కొసన కాల్చే మంట) గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వార్త వేశారు. ఎవరో ఒకరు సరైన వివరణ ఇస్తారని చూశాను, ఎవరూ ఇవ్వలేదు. అది భద్రత కోసం మండే మంటేనని, జనం భయపడక్కర్లేదని ఒక అధికారి చెప్పిన మాటతో వార్త అయిపోయింది. ఉద్యోగమంతా ఇలాంటి ప్లాంట్లలోనే చేసి రిటైరైన నాకు అది చదివితే నిజంగా కోపం వచ్చింది.

ఫ్లేర్ ఉండాల్సిందే, అందులో గొడవ లేదు. కరెంటు పోయినా, గ్యాస్‌ని నొక్కి పంపే కంప్రెసర్ ఉన్నట్టుండి ఆగిపోయినా లోపలి గ్యాస్ నిమిషాల్లో బయటికి పోయి కాలిపోవాలి, లేకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. ఆ రోజు మంట ఎంత ఎత్తు లేచినా ఎవరూ తప్పుపట్టరు. మిగతా రోజుల సంగతేమిటి? ఏ ప్రమాదమూ లేని మామూలు రాత్రి మా డాబా మీద పేపరు చదువుకునేంత వెలుగు ఎందుకు పడుతోంది? అలా మండేది చాలావరకు సరిగా మూసుకోని రిలీఫ్ వాల్వుల (ఒత్తిడి మరీ పెరిగితే తెరుచుకునేవి) నుంచి, కంట్రోల్ వాల్వుల నుంచి కారిపోయే గ్యాసే. దాన్ని పట్టి మళ్లీ ఫర్నేసుల్లో ఇంధనంగా వాడుకునే ఏర్పాటు పేరే ఫ్లేర్ గ్యాస్ రికవరీ. బీహార్‌లో ఇండియన్ ఆయిల్ బరౌనీ రిఫైనరీలోను, ముంబయి దగ్గర ఓఎన్‌జీసీ ఉరణ్ ప్లాంటులోను ఈ పని ఎప్పుడో చేపట్టారు. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

భద్రతకు అడ్డొస్తుందనే వాదన ఒకటి వినిపిస్తుంది. డిజైన్ తెలిసినవాళ్లు అనే మాట కాదది. గ్యాస్‌తో వచ్చే ద్రవం నాకౌట్ డ్రమ్ము అనే పీపాలో దిగిపోయాక, ఫ్లేర్ స్టాక్‌కి, అంటే మంట మండే గొట్టానికి ముందు వాటర్ సీల్ డ్రమ్ము, అంటే గ్యాస్‌కి నీళ్లు అడ్డుండే పీపా ఉంటుంది. రికవరీ కంప్రెసర్ ఆ సీల్‌కి ఇవతల, ప్లాంటు వైపు నుంచే గ్యాస్ తీసుకుంటుంది. మామూలుగా వచ్చే కొద్దిపాటి గ్యాస్‌ని నీళ్లు ఆపుతాయి. ఒక్కసారిగా ఎక్కువొస్తే ఆ ఒత్తిడికి నీటిని తోసుకుని నేరుగా స్టాక్‌లోకి పోతుంది, మధ్యలో ఎవరూ వాల్వు తిప్పక్కర్లేదు. తడి గ్యాస్, మురికి గ్యాస్ తట్టుకోవడానికి, లోపల తిరిగే ద్రవంతో గ్యాస్‌ని నొక్కే లిక్విడ్ రింగ్ కంప్రెసర్లు ఉన్నాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటే అమీన్ అనే రసాయనంతో కడిగి ఫ్యూయల్ గ్యాస్ లైనులో కలుపుతారు. జాగ్రత్త పడాల్సింది సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్ గ్యాస్‌ని పీల్చే చోట ఒత్తిడి) దగ్గర, మరీ లాగితే హెడరులోకి, అంటే ఫ్లేర్‌కి పోయే పెద్ద పైపులోకి గాలి చొరబడుతుంది కాబట్టి అక్కడ ఆక్సిజన్ ఎనలైజరు, ఒత్తిడి తగ్గితే కంప్రెసర్‌ని ఆపేసే లో ప్రెషర్ ట్రిప్ తప్పనిసరి. ఇవన్నీ చేతిలో ఉన్న విద్యలే.

అన్నిటికంటే ముందు చేయాల్సింది కొలత. రోజూ ఎంత గ్యాస్ పోతోందో, అందులో ఏముందో నెలల తరబడి కొలవకుండా కంప్రెసర్ సైజు తేల్చేస్తే అది సగం రోజులు ఆగే ఉంటుంది. కారే వాల్వులు వెతకడం అంతకన్నా చవక. ఎక్కువ ప్రెషరు గ్యాస్ కారుతుంటే వాల్వు దాటాక పైపు మీద చెయ్యి పెట్టినా చాలాసార్లు తెలిసిపోతుంది, మిగతా పైపులన్నీ ఎండకు కాలుతుంటే అదొక్కటే చల్లగా, పైన నీటి చెమ్మతో ఉంటుంది. ఇంత చిన్న పని కూడా వచ్చే షట్‌డౌన్‌లో చూద్దామని వాయిదా వేస్తూనే ఉంటారు.

2023లో ప్రపంచవ్యాప్తంగా చమురు, గ్యాస్ క్షేత్రాల్లో ఇలా తగలబెట్టిన గ్యాస్ సుమారు 14,800 కోట్ల ఘనపు మీటర్లని ప్రపంచబ్యాంకు లెక్క. రోజువారీ మండించడం 2030కల్లా ఆపేద్దామని 2015లోనే పిలుపిచ్చారు. ఇక్కడ చూస్తే గేటు బయట కాలుష్యం అంకెలు చూపించాల్సిన బోర్డే చాలాకాలంగా వెలగడం లేదు. అర్జీ పెడితే అంతా పరిమితులకు లోబడే ఉందని ఒక్క వాక్యం జవాబు వస్తుంది, ఏ పరిమితి, ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు అని అడిగితే ఇక పలకరు. ప్రజాభిప్రాయ సేకరణలో మైకు మన దాకా వచ్చేసరికి భోజనాల టైమైపోతుంది. తనిఖీకి వచ్చే కుర్ర ఆఫీసర్లకు వాటర్ సీల్ ఎక్కడుందో చూపించమని అడగాలని కూడా తెలియదు, వాళ్లకు నేర్పేవాళ్లూ లేరు. కోనసీమలో 1995లో పాసర్లపూడి గ్యాస్ బావి 65 రోజులు మండింది, 2014లో నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి నిద్రలో ఉన్నవాళ్లు కాలిపోయారు. మంట చూస్తే మనవాళ్లకు భయం ఊరికే పుట్టదు, భయపడకండని చెప్పేసి వెళ్లిపోతే అది పోదు కూడా.

అందుకే మీ విలేకరి ఆ అధికారి దగ్గరకే మళ్లీ వెళ్లాలని నా మనవి. ఫ్లేర్ లైనుకి మీటరుందా, ఉంటే పోయిన ఏడాది మామూలు రోజుల్లో ఎంత గ్యాస్ కాలింది, రికవరీ సిస్టమ్ పెట్టడానికి ఎప్పుడైనా అధ్యయనం చేయించారా అని అడగాలి. ఆయన ఏం చెప్పినా, చెప్పకపోయినా, అదే పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రాసెస్ ఇంజినీరు