మన ఊరి కుటుంబ సహాయ కమిటీ: 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జమా ఖర్చుల వివరణ

చందాదారులకు, ఊరి పెద్దలకు, గల్ఫ్‌లోనూ హైదరాబాదులోనూ ఉన్న మనవాళ్ళకు నమస్కారం. ముందు లెక్క, తర్వాత మీరు అడిగిన ప్రశ్నలకు జవాబులు.

జమ: పాత నిల్వ 18,450. ఇంటింటి చందాలు 1,12,300. బయట ఉన్నవాళ్ళు పంపినవి 1,45,000. రైసుమిల్లు, కొబ్బరి వర్తకులు కలిపి 60,000. రామాలయం తీర్థంలో మిగిలినవి 9,500, చర్చి నుంచి 12,000. బ్యాంకు వడ్డీ 1,750. చేబదుళ్ళు తిరిగి వచ్చినవి 43,500. మొత్తం రూ. 4,02,500.

ఖర్చు: బియ్యం, సరుకులు 74,200. మందులు, ఆసుపత్రి 58,600. పిల్లల ఫీజులు, పుస్తకాలు 52,000. వరద తర్వాత ఇళ్ళ కప్పులకు 36,500. వడ్డీ లేని చేబదుళ్ళు 90,000. కాగితాల పని, దారి ఖర్చులు 38,400. రసీదు పుస్తకాలు, బోర్డు 2,300. మొత్తం రూ. 3,52,000.

నిల్వ రూ. 50,500. ఇందులో బ్యాంకులో 47,900, కోశాధికారి దగ్గర 2,600.

ఎక్కువమంది అడిగింది ఆ 38,400 గురించే. ఆటోలకీ జిరాక్సులకీ ఇంత పెట్టే బదులు బియ్యం కొనొచ్చుగా అన్నారు. కొనొచ్చు. కానీ గోదావరి మధ్య లంకలో ఉన్న ఒక కౌలు రైతు ఇంటి సంగతి వినండి. ఆయన పోయాక భార్యకి మిగిలింది ఇద్దరు పిల్లలు, నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు. మొదటి నెల మనమూ సరుకులే ఇచ్చాం. తర్వాత మన డ్వాక్రా లీడరు ఆయన బ్యాంకు పాసుపుస్తకం తిరగేస్తే మే నెలాఖరున 436 రూపాయలు కోసినట్టు కనబడింది. అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా ప్రీమియం. అంటే నామినీకి 2 లక్షలు రావాలి. ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇక కాగితాలు. మరణ ధ్రువపత్రం తేలిగ్గానే వచ్చింది, 21 రోజుల్లోపు పంచాయతీలో రాయించారు కాబట్టి. చిక్కంతా పేరు దగ్గర: నామినీ కాలమ్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. దానికో అఫిడవిట్, తాసిల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అమలాపురం తిరగడాలు. రేవు దాటాలంటే పడవ, అక్కణ్ణుంచి ఆటో. ఆవిడ పనికి పోని రోజుల కూలి కూడా మనమే కట్టిచ్చాం. ఇది కొందరికి నచ్చలేదు. కూలి పోతుందనే చాలామంది సగం కాగితాలతో ఇంటికి తిరిగొచ్చేస్తున్నారు, అందుకే ఇచ్చాం, ఇకముందూ ఇస్తాం. ఈ ఇంటికి మనకైన ఖర్చు 3,150. బీమా డబ్బు వచ్చింది, అప్పు తీరింది, మిగిలింది పిల్లల పేర పోస్టాఫీసులో పడింది.

మీరూ మీ ఇళ్ళల్లో పుస్తకాలు తీసి చూసుకోండి. 2022 జూన్‌కి ముందైతే 330 అని ఉంటుంది. ప్రమాద బీమాకి కోసేది వేరు, ఏడాదికి 20 రూపాయలు.

సరుకుల ఖర్చు ఈ ఏడు తగ్గడానికి కారణం కరువు తీరిపోవడం కాదు. ఇదివరకు భజన బృందం, చర్చి ఆడవాళ్ళు, కుర్రాళ్ళ సంఘం ఎవరికి వాళ్ళు ఇచ్చేవారు. రోడ్డు పక్క ఇంటికి మూడు మూటలు, కాలవ అవతల ఇంటికి ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు నెల మొదటి ఆదివారం ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, హెడ్మాస్టరు, మూడు సంఘాల వాళ్ళు ఒకే పుస్తకం ముందు కూర్చుంటున్నారు. ఒక ఇంటికి ఒకరే బాధ్యులు. కష్టం ఒక్కసారి చెప్పుకుంటే చాలు, ఆరుగురి గుమ్మాల్లో చెప్పక్కర్లేదు. భర్త కొడుతున్నాడని వచ్చిన ఒకావిడని 181కి ఫోను చేయించి, మండల న్యాయసేవా కమిటీకి పంపాం. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా వకీలుని ఉచితంగా ఇస్తారు. అందుకని ఆ పద్దులో బస్సు చార్జీ తప్ప ఏమీ కనబడదు.

చేబదుళ్ళలో ఇంకా 46,500 రావాలి. అందులో 15,000 మీద ఆశ తక్కువ, ఆ కుటుంబం వలస వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు దాళ్వా (రెండో పంట) నూర్పిళ్ళయ్యాక ఇస్తామన్నారు. నెమ్మదిగా ఇచ్చేవాళ్ళే, ఎగ్గొట్టేవాళ్ళు కారు.

సాయం పుచ్చుకున్న వాళ్ళ పేర్లు బోర్డు మీద ఎందుకు వేయలేదని, ఇచ్చేటప్పుడు ఫోటో ఎందుకు తీయలేదని ఇద్దరు దాతలు గట్టిగానే అడిగారు. వేయం, తీయం. రేపు ఆ పిల్లలే బడిలో తలెత్తుకుని కూర్చోవాలి. ఓచర్లు, బ్యాంకు పుస్తకం చందా ఇచ్చినవారెవరైనా చూడవచ్చు. కుటుంబాల పుస్తకం మాత్రం కమిటీ దాటి బయటికి రాదు.

కొత్తగా ఒక తీర్మానం. ధవళేశ్వరం దగ్గర గోదావరి 13.75 అడుగులకు చేరి రెండో వరద హెచ్చరిక ఎగరేశారంటే లంకల్లో కూలి పనులు ఆగిపోయినట్టే. ఇప్పటిదాకా సమావేశం పెట్టి, సంతకాలు పెట్టించి డబ్బు తీసేసరికి నీళ్ళు కూడా తీసేస్తున్నాయి. ఇకనుంచి ఆ హెచ్చరిక పడిన రోజునే కార్యదర్శి 10,000 వరకు ఎవరినీ అడక్కుండా ఖర్చు పెట్టవచ్చు, బిల్లులు వారంలోపు చూపించాలి. దీనికి అభ్యంతరం ఉన్నవారు వచ్చే మొదటి ఆదివారం సాయంత్రం రామాలయం అరుగు దగ్గరికి వచ్చి చెప్పండి. ఆ రోజే ఓచర్లన్నీ అక్కడ పెడతాం.

ఇట్లు,
కమిటీ కార్యదర్శి, కోశాధికారి