పిల్లల ఎత్తు విషయంలో మనం గమనించవలసినవి – తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుని లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఇటీవల జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల తల్లులు పలువురు మార్కుల కంటే ముందు ఎత్తు గురించి అడిగారు. తోటివాళ్లంతా ఎదిగిపోతుంటే తమ బిడ్డ మాత్రం నిరుడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడని, పాలల్లో ఏ పొడి కలిపి ఇస్తే పొడుగవుతాడో చెప్పమని అడిగిన ఆ ఆందోళన నిజమైనది కనుక, ఈ నెల లేఖను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ఒకే తరగతిలో, ఒకే వయసున్న ఇద్దరు పిల్లల మధ్య పది పదిహేను సెంటీమీటర్ల తేడా ఉండడం ఈ దశలో సర్వసాధారణం. యుక్తవయసుకు ముందు పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు. ఆడపిల్లల్లో 10, 11 ఏళ్లకే ఈ వేగం పుంజుకుని 12 ఏళ్ల ప్రాంతంలో ఏడాదికి 8 సెంటీమీటర్ల దాకా చేరుతుంది. మగపిల్లల్లో ఇదంతా దాదాపు రెండేళ్లు ఆలస్యంగా జరుగుతుంది. 14 ఏళ్ల ప్రాంతంలో ఒక్క ఏడాదిలోనే 9, 10 సెంటీమీటర్లు పెరిగేవారు ఉంటారు. ఏడో తరగతిలో ఆడపిల్లలు మగపిల్లల కంటే పొడుగ్గా కనిపించడానికి కారణం ఇదే. పైగా ఈ దశ అందరికీ ఒకే వయసులో రాదు. తండ్రి పదో తరగతి దాటాక ఎదిగినవారైతే కొడుకు కూడా అలాగే ఆలస్యంగా ఎదగవచ్చు కాబట్టి, ఇంట్లో నాయనమ్మనో మేనత్తనో ఒకసారి అడిగి చూడండి.

ఎత్తులో ఎక్కువ భాగం వంశపారంపర్యంగా వచ్చేదే. వైద్యులు వాడే సులభమైన లెక్క ఒకటి ఉంది: తల్లిదండ్రుల ఎత్తులు కూడి, అబ్బాయి అయితే 13 కలిపి, అమ్మాయి అయితే 13 తీసివేసి, వచ్చినదాన్ని సగం చేయాలి. తండ్రి 168, తల్లి 154 సెంటీమీటర్లు అయితే కొడుకు 167.5, కూతురు 154.5 సెంటీమీటర్ల దగ్గరకు వస్తారని అంచనా. దానికి ఎనిమిది సెంటీమీటర్ల వరకు అటూ ఇటూ కావచ్చు. అయితే వంశం ఒక్కటే అంతా నిర్ణయిస్తుందని చేతులు ముడుచుకోనవసరం లేదు. దక్షిణ కొరియాలో 1896లో పుట్టిన స్త్రీల కంటే 1996లో పుట్టిన స్త్రీలు సగటున 20 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తు ఎదిగారు. నూరేళ్లలో జన్యువులు అంతగా మారవు. మారినవి తిండి, పారిశుద్ధ్యం, చిన్ననాటి ఆరోగ్యం.

మన చేతిలో ఉన్నది ఆ భాగమే, దాని గురించే నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల పిల్లలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 43 నుంచి 45 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఉదయం టీ, రెండు బిస్కెట్లతో బడికి వచ్చే పిల్లలకు ఇవి అందవు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నువ్వుల్లో అంతకంటే చాలా ఎక్కువ. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు చిమ్మిలి పెట్టే మన ఆచారం మంచిదే, కానీ అది ఆ కొద్ది రోజులతో ఆగిపోకూడదు, మగపిల్లలకూ పెట్టాలి. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డులో పచ్చసొన వేలితో తీసి పళ్లెం అంచున పెట్టేసే పిల్లలను నేను తరచూ చూస్తున్నాను. పచ్చసొనను వదలవద్దని ఇంట్లో మీరు కూడా చెప్పాలి. పప్పు, పెరుగు, ఆకుకూరలు, వేరుశనగలు రోజూ ఉంటే చాలు, ఖరీదైనవేవీ అవసరం లేదు. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్రను దయచేసి వద్దనవద్దు. కడుపులో పురుగులుంటే తిన్నది ఒంటికి పట్టదు.

నిద్ర గురించి పదో తరగతి తల్లిదండ్రులకు ప్రత్యేకంగా రాస్తున్నాను. పెరుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢ నిద్రలో. ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాటేదాకా చదివించి, తెల్లవారుజామున నాలుగింటికే లేపడం చదువుకూ ఆరోగ్యానికీ మంచిది కాదు.

పొడవాటి ఎముకల చివర్లలో ఉండే మృదులాస్థి పొరలో కొత్త కణాలు పుట్టి, ఎముకగా గట్టిపడుతూ రావడం వల్లనే ఎత్తు పెరుగుతుంది. యుక్తవయసు చివరికి, అబ్బాయిల్లో కూడా, ఈస్ట్రోజన్ హార్మోను ప్రభావంతో ఆ పొర మూసుకుపోతుంది. రజస్వల అయ్యాక ఆడపిల్లలు సాధారణంగా మరో 5 నుంచి 7 సెంటీమీటర్లే పెరుగుతారు. ఆ పొర మూసుకున్నాక ఏ పొడీ, ఏ మాత్రా, కడ్డీ పట్టుకుని వేలాడడమూ ఎముకను పొడిగించలేవు. ఆటలు ఎముకలకు బలాన్నిస్తాయి, వెన్ను నిటారుగా ఉంచుతాయి, అందుకోసం ఆడించండి. సెల్‌ఫోన్‌లో ప్రకటన చూసి తెప్పించే మందులను మాత్రం పిల్లలకు ఇవ్వవద్దని వేడుకుంటున్నాను.

కొన్ని సందర్భాల్లో పిల్లల వైద్యుణ్ణి తప్పక కలవాలి. ఎదిగే వయసులో ఏడాదికి 4 సెంటీమీటర్లయినా పెరగకపోవడం, ఆడపిల్లల్లో 13 ఏళ్లకు, మగపిల్లల్లో 14 ఏళ్లకు యుక్తవయసు లక్షణాలేవీ మొదలుకాకపోవడం, లేదా ఆడపిల్లల్లో 8 ఏళ్లు, మగపిల్లల్లో 9 ఏళ్లు నిండకముందే అవి కనిపించడం అటువంటివి. థైరాయిడ్ లోపం వంటి కారణాలు ముందుగా తెలిస్తే చికిత్స ఉంది. ఎడమ చేతి ఎక్స్‌రే చూసి ఎముకల వయసును అంచనా వేసే పద్ధతీ ఉంది.

పొట్టిగా ఉన్న పిల్లలకు పేర్లు పెట్టి పిలవడాన్ని బడిలో మేము అనుమతించడం లేదు. ప్రార్థన సమయంలో ఎత్తు ప్రకారం నిలబెట్టే పద్ధతిని కూడా మానివేసి, హాజరుపట్టీ క్రమంలో నిలబెడుతున్నాము. ఇంట్లో అన్నతోనో పక్కింటి పిల్లవాడితోనో పోల్చకుండా ఉండే బాధ్యత మీది.

ఇకపై ఆరు నెలలకొకసారి ప్రతి విద్యార్థి ఎత్తును ఉదయం పూటే కొలుస్తాము, ఎందుకంటే సాయంత్రానికి ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. చెప్పులు విడిచి, మడమలు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచి కొలవాలి. రెండు జడలు పైకి మడిచి రిబ్బన్లు కట్టుకునే ఆడపిల్లలు ఆ రోజు మాత్రం జడలు కిందికి వదిలి రావాలి. వారిని ఉపాధ్యాయినులే కొలుస్తారు. కొలతలను తరగతిలో పైకి చదవకుండా కార్డుపై రాసి ఇంటికి పంపుతాము. ఆ కార్డుపై తల్లిదండ్రుల ఎత్తులు కూడా రాసి, సంతకం చేసి, వారంలోగా తరగతి ఉపాధ్యాయునికి అందజేయగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు