పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయించావా?

తెనాలి,
ఆదివారం.

చి. పద్మకు, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాలుగు చినుకులు పడ్డాక పెరట్లో కనకాంబరాలు తేరుకున్నాయి. ఆవకాయ ఊరి నూనె పైకి తేలింది, నీ జాడీ మీ అమ్మ వేరే తీసి పెట్టింది. చంటిగాడి దగ్గు తగ్గిందా? రాత్రిపూట పెరుగు పెట్టకు.

మొన్న పెళ్లిలో చిన్నత్త ఒక మాట అంది. దసరా నుంచి మీ ఆయన చంటిగాడి ఖర్చుల డబ్బు సరిగ్గా వెయ్యడం లేదట, చంటిగాడి స్కూలు ఫీజుకు నువ్వు గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టావట. నేనేమీ అడగను. ఫోను ఎత్తితే "బాగానే ఉన్నాం నాన్నా" అని పెట్టేస్తున్నావు, అందుకే కాగితం పట్టుకున్నాను.

కోర్టు చంటిగాడికి నెలకు 12 వేలు ఇమ్మంది. అక్టోబరు నుంచి జూన్ దాకా 9 నెలలకు లక్షా 8 వేలు. మధ్యలో 3 సార్లు 5 వేల చొప్పున వేశాడంటున్నారు గనుక 93 వేలు బాకీ. విడాకుల కేసు (ఓ.పి.) తేలేటప్పుడు అన్నీ కలిపి అడుగుదామని ఊరుకున్నావేమో, అది మాత్రం వద్దమ్మా. నీ ఎం.సి. ఆర్డరు, అంటే మనోవర్తి కేసు ఆర్డరు, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బి.ఎన్.ఎస్.ఎస్. 144వ సెక్షన్ కింద వచ్చింది, పాత సి.ఆర్.పి.సి. 125 అన్నమాట. దాని మీద వసూలు వారెంటు కావాలంటే, ఏ నెల డబ్బుకు ఆ నెల బాకీ పడ్డ రోజు నుంచి ఏడాదిలోపు పిటిషన్ వెయ్యాలి. ఈ అక్టోబరు దాటిందా, నిరుటి అక్టోబరు డబ్బు ఆ దారిలో రాదు.

మన సుజాత అలాగే పోగొట్టుకుంది. బావగారు మధ్యవర్తిగా ఉన్నారని 20 నెలలు ఆగింది. పిటిషన్ వేసేసరికి మొదటి 8 నెలలు ఏడాది గడువు దాటిపోయాయి. ఆపైన నోటీసుకు అత్తగారింటి డోర్ నంబరు ఇచ్చింది, అతనేమో అప్పటికే ఇల్లు మారాడు. కవరు "తాళం వేసి ఉంది" అని తిరిగొచ్చింది. అలా 3 వాయిదాలు పోయాక ఆఫీసు చిరునామా కూడా రాసి, నోటీసు పంపడానికి కోర్టులో మళ్లీ బత్తా (ఖర్చు) కట్టింది. అప్పుడు కోర్టుకొచ్చి 20 వేలు ఇచ్చాడు. అతని ప్లీడరు అందించిన మెమోలో "బకాయి మొత్తం తీరినది" అని ఉంది. సుజాత చదువుకుంది కాబట్టి సరిపోయింది. ఆ ముక్క కొట్టేసి "20 వేలు మాత్రమే ముట్టినవి" అని రాసి సంతకం పెట్టింది. జైలు వారెంటు దాకా వచ్చాక మిగిలింది తెచ్చి కట్టాడు. జైలుకెళ్లినా బాకీ రద్దు కాదని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. ముందు ఆర్డరు సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టు. పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయించు. తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీసి నెల, రావాల్సింది, వచ్చింది, బాకీ అని రాయి. అతను ఫోన్‌పేలో వేసిన 5 వేలు కూడా తేదీతో సహా చూపించు. ఒక్కటి దాచావని తేలినా మిగతా లెక్కను నమ్మరు. పిటిషన్‌కు ఈ లెక్క, అఫిడవిట్ జతచేసి, నీకొక సెట్టు మీద కోర్టు ముద్ర వేయించుకో. అతని జీతం అటాచ్ చెయ్యమని, అంటే కంపెనీ నుంచే పట్టుకోమని, అడిగేటప్పుడు కంపెనీ పేరు, చిరునామా పూర్తిగా రాయి. మనోవర్తి డిక్రీ (కోర్టు తీర్పు) అమలులో జీతంలో మూడో వంతు అతనికి వదిలి మిగతాది పట్టుకోవచ్చు. ఓ.పి.లో అతను ఆస్తుల అఫిడవిట్ వెయ్యకపోయినా, జీతం తగ్గించి చూపినా ఊరుకోకు. 2020 నాటి రజనీష్–నేహా తీర్పు ప్రకారం ఇద్దరూ వెయ్యాల్సిందే. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇప్పించమని పిటిషన్ పెట్టు.

ప్లీడరు లేకపోతే ఏమన్నా అంటారేమోనని జంకకు. ఫ్యామిలీ కోర్టులో మన కేసు మనమే చెప్పుకోవచ్చు. కాగితం రాయడం దగ్గర తడబడితే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లు, లేదా 15100కి ఫోన్ చెయ్యి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. వాయిదా మాత్రం ఒక్కటీ తప్పకు. అతను "బాకీ వదిలేస్తే మ్యూచువల్‌కు (ఇద్దరి ఒప్పుదల విడాకులకు) వస్తా" అంటే సంతకం పెట్టకు, బిడ్డ డబ్బు వదిలే హక్కు నీకు లేదు. డబ్బు రాలేదని చంటిగాడిని చూపించనని మాత్రం అనకు. అది వేరు, ఇది వేరు.

అన్నం వేళకు తింటున్నావా? చెప్పకూడదనుకుంటూనే ఇంత రాశాను. మంగళవారం బస్సుకు ఆవకాయ వేస్తాను, జాడీ నిలువుగానే పట్టుకో. గాజులు ఏ బ్యాంకులో ఉన్నాయో, గడువు ఎప్పటిదో ఆ రసీదు చూసి చెప్పు. అమ్మకు తెలియనివ్వను.

నాన్న