బాపమ్మ కల్లు సీసా

బిడ్డా,

మొన్న ఫోన్లో "బాపమ్మ తాగుబోతు, ఇన్నేళ్లూ మీకు మాన్పించడం చేతకాలేదు" అన్నావు. ఆమె పక్కనే కూర్చుని ఉంది, అందుకే జవాబు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

పొద్దున చాట ఒళ్లో పెట్టుకుంటే దీపాలు పెట్టే వేళకు వెయ్యి బీడీలు చుట్టేది బాపమ్మ. అప్పటికి నడుము, మెడ, వేళ్లు ఏవీ ఆమె మాట వినేవి కావు. డాక్టర్ దగ్గరికి పోతే ఆ రోజు కూలి పోతుంది. కల్లు దుకాణం నాలుగిళ్ల అవతలే. ఒక సీసా తాగితే నొప్పులు తెలియకుండా నిద్ర పట్టేది. మా వాడలో ఆడవాళ్లు చాలామంది అట్లానే మొదలుపెట్టారు. జల్సాకు తాగినామెను నేనైతే చూడలేదు.

కల్లు మీద నాకు కోపం లేదు. ఎల్లమ్మకు కల్లు సాక పోయకుండా మన ఇంట్లో ఏ పండుగ జరిగింది? కానీ బాపమ్మ తాగింది చెట్టు కల్లు కాదు, మందు కల్లు. మన ఊరి చుట్టూ ఎన్ని ఈతచెట్లున్నాయో, దుకాణంలో సాయంత్రం ఎన్ని సీసాలుంటాయో నువ్వే లెక్కపెట్టు. ఆ చెట్లకు అంత కల్లు పారదు. అందుకని నీళ్లు, తీపి కోసం శాక్రిన్, మత్తు కోసం అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఈ పేర్లు నువ్వు నర్సింగ్‌లో నేర్చుకున్నావు. మేము 2015లో నేర్చుకున్నాం.

ఆ ఏడాది మన నిజామాబాద్ వైపు దాడులు జరిగి దుకాణాల్లో మందు కలపడం ఆగింది. రెండో రోజుకే బాపమ్మ చేతులు వణికాయి. మూడో రాత్రి, చనిపోయిన మీ తాతను పిలిచి అన్నం పెట్టింది. తెల్లారేసరికి ఫిట్స్. గాలి సోకిందనుకున్నాం. నువ్వప్పుడు చిన్నపిల్లవు, భయపడతావని నిన్ను మీ మేనత్త ఇంటికి పంపించాం. ఆసుపత్రి వరండా నిండా మనలాంటి ఊళ్లవాళ్లే. ఈ మందు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని, కొంచెం కొంచెంగా తగ్గించాలని డాక్టర్ చెప్పాడు.

నెల తిరగకముందే మళ్లీ మందు కల్లు దొరికింది. రాత్రిళ్లు ఆమె అరుపులు భరించలేక మొదటి సీసా తెచ్చి చేతికిచ్చింది నేనే. ఇంకోటి కూడా చెప్పాలి. పాలు తాగే వయసులో నువ్వు ఏడుస్తుంటే ఆమె రెండు చెంచాల కల్లు పట్టేది. నేను వద్దనలేదు. నా వెయ్యి బీడీలు కూడా పూర్తి కావాలి కదా.

2019లో కేంద్రం వేసిన లెక్క నువ్వే చదివి వినిపించావు. దేశంలో 16 కోట్ల మంది మద్యం తాగుతారని, 5.7 కోట్ల మందికి ఆ బాధ నుంచి బయటపడటానికి సాయం కావాలని. మరి బాపమ్మను ఏ గడిలో రాస్తారు? ఎవరైనా అడిగితే "కల్లు తాగుతా బిడ్డా" అంటుంది. ఇన్నేళ్లూ నిద్రమాత్రలు తాగుతున్నట్టు ఆమెకే తెలియదు.

2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారని టీవీలో విన్న రాత్రి, ఆసుపత్రికి పోదామని తనే అంది. డాక్టర్ రాసిన చీటీ చాట కింద దాచుకుంది. ఏ వారం ఎంత తగ్గించాలో నన్ను చదవనివ్వదు, నీతోనే చదివించుకుంటుందట. ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా ఫరవాలేదు, ఆమెకింకా నిద్ర పట్టడం లేదు.

అమ్మ