ఈవెంట్స్‌కి కాళ్లు నెలలో సిద్ధం కావు

సంపాదకులకు,

కానిస్టేబుల్ ప్రిలిమ్స్ (తొలి రాత పరీక్ష) ఫలితాలు రాగానే, ఈవెంట్స్ అనే పరుగు, దేహదారుఢ్య పరీక్షల కోసం ఊరూరా గ్రౌండ్లు తెల్లవారకముందే నిండిపోతాయి. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. సాధన చేస్తే అందుకోగలిగిన టైమింగే. కానీ అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చదివిన పిల్లలు మొదటి రోజు నుంచే ఫుల్ స్పీడ్‌లో నాలుగు రౌండ్లు కొడుతున్నారు. మూడు నాలుగు వారాలు తిరిగేసరికి మోకాలి కింద ముందెముక నొప్పితో కుంటుతున్నారు.

ఊపిరి త్వరగా అలవాటు పడుతుంది, ఎముక పడదు. కొత్త బరువు పడ్డప్పుడు ఎముక ముందు తనలోని పాత భాగాన్ని కరిగించుకుంటుంది, ఆ తర్వాతే కొత్తది నింపుకుంటుంది. కరగడానికి సుమారు మూడు వారాలు, నిండి గట్టిపడడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఆయాసం తగ్గిందని వేగం పెంచే రోజుల్లోనే ఎముక బలహీనంగా ఉంటుంది. పైగా పరుగులో ఒక్కో అడుగుకీ శరీర బరువుకు రెండు, రెండున్నర రెట్ల బలం నేల నుంచి వస్తుంది. పిక్క కండరం లాగే బలాన్ని కూడా ఆ ఎముకే మోయాలి.

అందుకే పరుగు కనీసం 12 వారాల ముందు మొదలవ్వాలి. తొలి రెండు వారాలు రోజు విడిచి రోజు, ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాల నడక, అలా ఎనిమిదిసార్లు చాలు. స్టాప్‌వాచ్ చివరి నాలుగు వారాల్లో తీస్తే సరిపోతుంది. పరుగు లేని రోజుల్లో మెట్టు అంచున ముందరి పాదంతో నిలబడి మడమలు ఎత్తి, నెమ్మదిగా దించాలి. మోకాలు నిటారుగా ఉంచి 15, కొంచెం వంచి 15, మొత్తం మూడు సెట్లు. వంచి చేసేదాన్ని చాలామంది వదిలేస్తారు. పిక్క లోపలి కండరానికి ఎక్కువ పని పడేది దానితోనే.

అడుగునూ సరిచేసుకోవచ్చు. పరుగెత్తుతూ 30 సెకన్లపాటు కుడికాలు నేలను ఎన్నిసార్లు తాకిందో లెక్కపెట్టండి. 38 వస్తే, అదే వేగంలో 40 వచ్చేలా అడుగు కాస్త కుదించండి. కాలు శరీరానికి దూరంగా ముందుకు పడడం తగ్గి, మోకాలిపై భారం తేలికవుతుంది.

పరుగుకు ముందు వరసగా నిలబెట్టి కాళ్లు సాగదీయించడంతో రక్షణ వస్తుందనుకోవడం పొరపాటు. ఆస్ట్రేలియాలో 1538 మంది సైనిక రిక్రూట్లపై చేసి 2000లో ప్రచురించిన పరిశోధనలో, సాగదీసినవాళ్లకూ మానినవాళ్లకూ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ సమయంలో మెల్లగా జాగింగ్ చేయించడం మేలు.

నొప్పి ఎముక లోపలి అంచు పొడవునా పరచుకుని ఉంటే పరుగు తగ్గించి చూడొచ్చు. వేలితో చూపించేంత ఒక్కచోటే ఉన్నా, ఒంటికాలిపై గెంతితే పోటెత్తినా, రాత్రి పడుకున్నప్పుడూ బాధిస్తున్నా వెంటనే ఆపి ఎముకల డాక్టర్‌కు చూపించాలి. తొలి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐలో తెలుస్తుంది. ఎక్స్‌రే బాగుందని మాత్రలు మింగి పరుగెత్తితే సన్నని పగులు కాస్తా పూర్తిగా విరిగే ప్రమాదముంది.

కోచింగ్ సెంటర్లు ప్రిలిమ్స్ క్లాసులతోపాటే వారానికి మూడు రోజులు గ్రౌండ్ పెట్టాలి. నియామక మండలి కూడా ఈ 12 వారాల క్రమాన్ని నోటిఫికేషన్‌లోనే ఒక పేజీగా అచ్చువేయాలని కోరుతున్నాం.

– క్రీడా ఫిజియోథెరపిస్టులు, హన్మకొండ