పరుగెత్తే పిల్లల కాలి ఎముక నొప్పి గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

సెలవుల తర్వాత ఆటల సాధన మొదలైన మూడో వారంలో ఒక సాయంత్రం నేను మైదానం పక్క నుంచి వెళ్తుండగా, పరుగుపందెం జట్టులోని ఒక అమ్మాయి మెట్ల మీద ఒక్కతే కూర్చుని కనిపించింది. మేజోడు చీలమండ దాకా లాగి, కాలి ముందు ఎముక లోపలి అంచు వెంబడి బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటోంది. "ఏమైందమ్మా?" అని అడగగానే మేజోడు పైకి లాక్కుని, ఏమీ లేదు మేడం, అంది. మళ్లీ అడిగితే, పది రోజులుగా నొప్పి ఉందని, చెబితే జట్టులోంచి తీసేస్తారేమోనని ఇంట్లో కూడా చెప్పలేదని కళ్లనీళ్లతో చెప్పింది. తర్వాత రెండు మూడు రోజులు వ్యాయామ ఉపాధ్యాయులతో కలిసి ఆరా తీస్తే, అదే నొప్పిని దాచుకుని పరుగెత్తుతున్న పిల్లలు మరికొందరు ఉన్నారని తెలిసింది. అందుకే ఈ నెల వార్తాలేఖలో నా ఉత్తరాన్ని పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ఈ నొప్పిని క్రీడాకారులు షిన్ స్ప్లింట్స్ అంటారు. వైద్యులు మీడియల్ టిబియల్ స్ట్రెస్ సిండ్రోమ్ అని రాస్తారు. మోకాలి కింద నుంచి చీలమండ దాకా చర్మం కిందనే చేతికి తగిలే పెద్ద ఎముక పేరు టిబియా. దాని లోపలి అంచు వెంబడి, ఎక్కువగా కింది సగంలో ఈ నొప్పి వస్తుంది. పరుగెత్తేటప్పుడు పాదం నేలను తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు మూడు రెట్ల ఒత్తిడి కాలి మీద పడుతుంది. ఆ ఒత్తిడికి ఎముక కంటికి కనిపించనంత స్వల్పంగా వంగుతుంది, పిక్క కండరాలు ఎముకను అంటిపెట్టుకుని ఉండే పొరను లాగుతుంటాయి. కొద్దిపాటి ఒత్తిడి ఎముకకు మంచిదే, దానివల్లనే ఎముక గట్టిపడుతుంది. అయితే గట్టిపడే పద్ధతిలో ఒక చిక్కు ఉంది. గోడకు కొత్త పూత వేసే ముందు పెచ్చులూడుతున్న పాత సున్నాన్ని గీకేసినట్టు, శరీరం కూడా అలసిన పాత ఎముకను ముందుగా తొలగించి, ఆ చోటును కొత్త ఎముకతో నింపుతుంది. తొలగించడం కొన్ని వారాల్లో జరిగిపోతుంది గానీ, నింపి గట్టిపరచడానికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఎముక మునుపటికన్నా కొంత బలహీనంగానే ఉంటుంది. సాధన మొదలుపెట్టిన మొదటి రోజు కాకుండా మూడో వారంలోనో నాలుగో వారంలోనో పిల్లలు నొప్పి అనడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇక్కడ పాఠశాల పొరపాటును నేను ఒప్పుకోవాలి. సెలవులకు ముందు పిల్లలు ఎంత దూరం పరుగెత్తేవారో, సెలవుల తర్వాత మొదటి వారం నుంచే మేము అంత దూరమూ పరుగెత్తించాము. పోటీలు దగ్గర పడుతున్నాయన్న తొందరలో, వారాల తరబడి విశ్రాంతిగా ఉన్న కాళ్లను ఒక్కసారిగా పూర్తి పనిలో పెట్టాము. అది కూడా చాలా రోజులు గట్టి సిమెంటు నేల మీద. నొప్పి వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది అలా పరుగెత్తించిన జట్లలోని వారే. దీనికి బాధ్యత నాదే, సాధన పద్ధతిని మార్చాము. ఆ మార్పులు కింద వివరిస్తాను.

ఇంట్లో పిల్లలు కాలి నొప్పి అన్నప్పుడు, ఎదిగే వయసులో ఇవి మామూలే అని మనం తేలిగ్గా అనేస్తాం. ఎదుగుదల నొప్పులు వేరు. అవి సాధారణంగా సాయంత్రమో రాత్రో వస్తాయి, రెండు కాళ్లలోనూ ఉంటాయి, తెల్లవారేసరికి మాయమవుతాయి, నొక్కి చూస్తే ఫలానా చోట అని దొరకవు. షిన్ స్ప్లింట్స్ నొప్పి మాత్రం పరుగుతోనూ దూకడంతోనూ ముడిపడి ఉంటుంది. మొదట్లో అది ఆట ఆరంభంలో కనిపించి, ఒళ్లు వేడెక్కాక తగ్గి, ఆట అయిపోయాక మళ్లీ వస్తుంది. మధ్యలో తగ్గిపోవడం చూసి పిల్లలు మోసపోతారు. పట్టించుకోకపోతే ఆట సాగినంతసేపూ ఉండి, చివరకు మెట్లు దిగేటప్పుడు, నడిచేటప్పుడు కూడా బాధిస్తుంది.

అనుమానం వస్తే పిల్లవాణ్ణి కాలు చాపి కూర్చోబెట్టి, ఎముక లోపలి అంచు మీద బొటనవేలితో మోకాలి దిగువ నుంచి చీలమండ వరకు అంగుళం అంగుళంగా నొక్కుతూ రండి. కనీసం 5 సెంటీమీటర్ల పొడవున, అంటే సుమారు మూడు వేళ్ల వెడల్పున నొప్పి పరుచుకుని ఉంటే అది షిన్ స్ప్లింట్స్ కావడానికే అవకాశం ఎక్కువ. నాణెమంత చోట, వేలు పెట్టి చూపగలిగినట్టు ఒకేచోట తీవ్రంగా ఉంటే ఎముకలో సన్నని చీలిక, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉందేమోనని అనుమానించాలి. రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి, విశ్రాంతిగా ఉన్నప్పుడూ తగ్గని నొప్పి, వాపు, కుంటుతూ నడవడం, ఆ కాలి మీద ఒంటికాలితో గెంతలేకపోవడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఎముకల వైద్యులకు చూపించండి. తొలి వారాల్లో ఎక్స్‌రేలో ఈ చీలిక కనిపించకపోవచ్చు. కనుక ఎక్స్‌రే బాగుందని నొప్పిని కొట్టిపారేయవద్దు, అవసరమని తోస్తే వైద్యులు ఎంఆర్ఐ చేయిస్తారు. పరుగెత్తేటప్పుడు పిక్క బిగుసుకుపోయి పాదం తిమ్మిరెక్కడం, ఆపిన కాసేపటికే అది తగ్గిపోవడం మరో రకం సమస్య, దానికీ వైద్యుల సలహా కావాలి. దెబ్బ తగిలిన తర్వాత కాలు రాయిలా బిగిసి భరించలేని నొప్పి వస్తే మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

షిన్ స్ప్లింట్స్‌కు అసలైన మందు విశ్రాంతి. మంచానికి అతుక్కుపోవాలని దీని అర్థం కాదు. పరుగు, దూకడం ఆపి, నొప్పి రానంత మేరకు సైకిల్ తొక్కడం, ఈత కొట్టడం చేస్తే ఒంట్లో సత్తువ తగ్గదు, పిల్లల మనసూ కుంగదు. ఐసును గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాల పాటు రోజుకు రెండు మూడుసార్లు పెడితే బాధ తగ్గుతుంది, కానీ ఎముకను మాన్పేది అది కాదు. ఒక్క మాట ప్రత్యేకంగా కోరుతున్నాను. పరుగెత్తడం కోసం సాధనకు ముందు నొప్పి మాత్ర వేసి పంపవద్దు. హెచ్చరిక వినిపించకుండా చేస్తే పిల్లలు దెబ్బతిన్న ఎముక మీదనే మరింత గట్టిగా పరుగెత్తుతారు. నొప్పి ఉన్న ఎముక మీద బలంగా మర్దన చేయడం కూడా మంచిది కాదు. ముందే గుర్తిస్తే కొద్ది వారాల్లో తగ్గుతుంది. దాచిపెట్టి ముదరబెడితే రెండు మూడు నెలలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ కాలం పట్టవచ్చు.

నొప్పి తగ్గిన మర్నాడే మళ్లీ మైదానంలోకి దిగడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. అరగంట చురుకైన నడకకు నొప్పి రాకూడదు, ఎముకను నొక్కితే నొప్పి ఉండకూడదు, ఒంటికాలితో పదిసార్లు గెంతినా బాధ కలగకూడదు. ఆ తర్వాతే పరుగు. అప్పుడు కూడా నాలుగు నిమిషాల నడక, ఒక నిమిషం పరుగు చొప్పున రోజు విడిచి రోజు మొదలుపెట్టి, మొదట్లో మొత్తం దూరాన్ని మునుపటి దానిలో సగం మించనివ్వకుండా, ఆ తర్వాత వారానికి సుమారు పదో వంతు పెంచుతూ పోవాలి. ఈ పదో వంతు అన్నది ఒక ఉజ్జాయింపు మాత్రమే. అసలు తీర్పు మర్నాడు ఉదయం కాలు చెబుతుంది. నిద్ర లేచాక నొప్పి ఉంటే ఒక మెట్టు వెనక్కి రావాలి. దీనితోపాటు మడమలు నెమ్మదిగా పైకెత్తి దించే వ్యాయామాన్ని మోకాళ్లు నిటారుగా ఉంచి ఒకసారి, కొద్దిగా వంచి మరొకసారి చేయించండి. మోకాలు వంచినప్పుడు పిక్కలో లోపల ఉండే సోలియస్ కండరం ఎక్కువగా పనిచేస్తుంది, పరుగులో ఎముకకు అండగా నిలిచే కండరాల్లో అది ముఖ్యమైనది.

బూట్ల విషయంలో ఖరీదు కన్నా స్థితి చూడండి. పరుగు బూట్లు సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల వాడకం తర్వాత మెత్తదనం కోల్పోతాయి. పిల్లలకైతే ఆలోగానే చిన్నవైపోతాయి కూడా. అడుగుభాగం ఒకవైపు అరిగిందా, వేళ్ల దగ్గర బిగుతుగా ఉందా అన్నది చూస్తే చాలు. అరికాలు చదునుగా ఉండే పిల్లల్లో కొందరికి బూటులోపల పెట్టే మెత్తలు ఉపయోగపడతాయి.

తిండి, నిద్ర గురించి కూడా చెప్పాలి. ఆడే పిల్లలు ఖర్చు చేసేదానికి సరిపడా తినకపోతే ఎముక తిరిగి కట్టుకోవడానికి కావలసింది శరీరానికి అందదు. బరువు తగ్గాలని భోజనం మానేసే పిల్లల విషయంలో ఈ ప్రమాదం ఎక్కువ. ఆటల్లో ఉన్న అమ్మాయిలకు నెలసరి ఆగిపోవడం లేదా బాగా ఆలస్యం కావడం సాధన వల్ల జరిగే మామూలు విషయమని అనుకోకండి. ఎముకలు బలహీనపడుతున్నాయని తెలిపే గుర్తు కావచ్చు కనుక వైద్యులకు చూపించండి. 13 నుంచి 18 ఏళ్ల వారికి రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. ఉదయపు సాధన కోసం ఆ నిద్రను కోసేయడం నాకు సమ్మతం కాదు. అందుకే ఉదయపు సాధనను అరగంట ఆలస్యంగా మొదలుపెడుతున్నాము.

ఇక మేము మార్చిన పద్ధతి. సెలవుల తర్వాతి రెండు వారాలు పాత దూరంలో సగమే ఉంటుంది. మొదటి నెలలో వరుసగా రెండు రోజులు పరుగు ఉండదు. వీలైనంత వరకు మట్టి నేల మీద, గడ్డి మీద సాధన సాగుతుంది. నొప్పి ఉందని చెప్పిన ఏ విద్యార్థీ ఆ కారణంగా జట్టులో స్థానం కోల్పోకూడదని వ్యాయామ ఉపాధ్యాయులతో కలిసి నిర్ణయించాము. కోలుకునే రోజుల్లో వారు జట్టుతోనే ఉండి, సమయం లెక్కించడం, తోటివారి వేడెక్కే వ్యాయామాలు నడిపించడం వంటి పనులు చేస్తారు.

మీ సహాయం లేకుండా ఒక విషయం మాకు తెలియదు. పాఠశాలలో పరుగు, బయట మరో క్రీడా శిక్షణ, వారాంతంలో నృత్యం, ఇలా మూడు చోట్ల శ్రమపడే పిల్లలు మన దగ్గర ఉన్నారు. ముగ్గురు గురువులూ ఎవరి లెక్క వారు వేసుకుంటారు గానీ, కాళ్లు ఆ పిల్లవాడివే. మీ పిల్లలు బయట చేసే శిక్షణ ఏమిటో, వారానికి ఎన్ని గంటలో డైరీలోని ఆటల పేజీలో రాసి సోమవారం పంపండి. అదే రోజు వారు వాడే బూట్లు కూడా తెమ్మని చెప్పండి, వ్యాయామ ఉపాధ్యాయులు ఒక్కొక్కటీ చూస్తారు. ఇప్పటికే నొప్పి ఉన్నవారి తల్లిదండ్రులు సాయంత్రం బడి వదిలాక ఏ రోజైనా నన్ను నేరుగా కలవవచ్చు. మెట్ల మీద కనిపించిన ఆ అమ్మాయి తల్లి అలాగే వచ్చారు. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక నిమిషం పరుగు దశలో ఉంది, స్టాప్‌వాచ్ కూడా తనే పట్టుకుంటోంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని